కేజన్ ఇంటి పండుగల నుంచి బొమ్మ కట్టడం: విషయ సేకరణ నుంచి చివరి కుంచె దాకా

అమెరికాలోని దక్షిణ లూసియానాలో ఉండే కేజన్ (ఫ్రెంచి మూలాలున్న సముదాయం) కుటుంబాల పండుగలను ఆధారం చేసుకుని గ్రీటింగ్ కార్డులు, గోడ బొమ్మలు, ఇంటి అలంకరణలు చేయాలనుకునేవారు తరచుగా అడుగుతున్న ప్రశ్న, ఎక్కడ మొదలుపెట్టాలి అన్నది. మొసలినీ క్రాఫిష్‌నూ (రొయ్య లాంటి మంచినీటి జీవి) ఊదారంగు పూసలనూ ఒకచోట చేరిస్తే పర్యాటకుల దుకాణంలో అమ్మే సరుకు తయారవుతుంది కానీ, అందులో ఏ ఇంటి పండుగా కనిపించదు. పండుగనాడు ఆ ఇంట్లో ఎవరి చేతులు ఏ పని చేస్తాయో ముందుగా తెలుసుకుని, ఆ పని చుట్టూ బొమ్మను కట్టే పద్ధతిని ఇక్కడ వరుసగా వివరిస్తున్నాను.

## 1. పండుగ, ఊరు, నెల: ఈ మూడూ ముందే ఖరారు చేసుకోండి

పెన్సిల్ పట్టకముందే ఒక కాగితం మీద ఈ మూడు మాటలూ రాసుకోండి. తరువాత తీసుకునే నిర్ణయాల్లో సగం వీటి నుంచే వస్తాయి. బొమ్మకు అనువైన సందర్భాలు ఇవి:

- నవంబర్ 1, తూసాన్ (సకల పునీతుల పండుగ). కుటుంబాలు సమాధులను కడిగి, సున్నం వేసి, చామంతులు పెడతాయి.
- డిసెంబర్ 24. సెయింట్ జేమ్స్ పారిష్ (జిల్లా లాంటి పాలనా విభాగం)లోని గ్రామర్సీ, లచర్, పౌలీనా ఊళ్లలో మిసిసిపీ కరకట్ట మీద, క్రిస్మస్ తాత పాపా నోయెల్‌కు దారి చూపడానికి మంటలు వెలిగిస్తారు. అర్ధరాత్రి దివ్యబలిపూజ తరువాత చేసే రెవెయోన్ భోజనం పాత ఆచారం.
- జనవరి 1. పిల్లలు తమ జ్ఞానతండ్రిని (పారైన్), జ్ఞానతల్లిని (నానన్) చూడటానికి వెళ్తారు. పూర్వం కానుకలు ఇచ్చే రోజు ఇదే. ఆనాటి వంటలో అలసందలు, క్యాబేజీ ఉంటాయి.
- మార్డి గ్రా. ఈస్టర్‌కు 47 రోజుల ముందు వచ్చే మంగళవారం. 2027లో ఇది ఫిబ్రవరి 9న వస్తుంది. మమూ, యూనిస్, చర్చ్ పాయింట్ వంటి పచ్చికబయళ్ల ఊళ్లలో ముసుగులు ధరించిన గుంపు ఇంటింటికీ వెళ్లి గంబో (చిక్కటి పులుసు లాంటి వంటకం) వండుకోవడానికి కావలసినవి అడుగుతుంది.
- గుడ్ ఫ్రైడే, ఈస్టర్. క్రాఫిష్ ఉడకబెట్టుకోవడం, రంగు వేసిన గుడ్లను మొనకు మొన తగిలించి ఎవరి గుడ్డు పగలదో చూసే పాకే ఆట. అవోయెల్స్ పారిష్‌లోని మార్క్స్‌విల్‌లో ఈ ఆట పోటీగా జరుగుతుంది.

నెల ఎందుకంటే, అక్కడి ప్రకృతి నెలనుబట్టి మారుతుంది. బాల్డ్ సైప్రస్ చెట్టు ఏడాది పొడవునా పచ్చగా ఉండదు. శరదృతువు చివర తుప్పు రంగుకు తిరిగి, ఆకు రాల్చి, క్రిస్మస్ నాటికి మోడుగా నిలబడుతుంది. లైవ్ ఓక్ మాత్రం పచ్చగానే ఉంటుంది. క్రాఫిష్ సమృద్ధిగా దొరికేది ఫిబ్రవరి నుంచి మే వరకు కనుక క్రిస్మస్ భోజనం బల్ల మీద వాటి గుట్ట పోయకండి. ఆ బల్ల మీద బాతు గంబో గానీ ఆల్చిప్పల గంబో గానీ ఉండనివ్వండి. చలికాలంలో మొసళ్లు మందకొడిగా, చాలావరకు కంటికి కనబడకుండా ఉంటాయి. మంచు కురవడం అరుదు. డిసెంబర్ వాతావరణమంటే పొగమంచు, తడి నేల, కోత జరుగుతున్న చెరకు తోటలు.

ఈ దశ ముగిసినట్టు గుర్తు: “డిసెంబర్ 24 రాత్రి, లచర్ కరకట్ట, పొగమంచు” అన్నంత నిర్దిష్టంగా ఒక వాక్యం మీ చేతిలో ఉండాలి.

## 2. కుటుంబం నుంచి సేకరించండి

మీరు కేజన్ కుటుంబానికి చెందినవారైనా, ఆ కుటుంబంలోకి కోడలిగానో అల్లుడిగానో వెళ్లినవారైనా, పొరుగున ఉంటున్నవారైనా సేకరణ పద్ధతి ఒక్కటే. ఇంట్లో అందరికంటే పెద్దవారి దగ్గర కూర్చుని, ముందు అనుమతి తీసుకుని, ఫోన్‌లో మాటలు రికార్డు చేయండి. “మీ సంప్రదాయాల గురించి చెప్పండి” అని అడిగితే ఎవరైనా పొడి మాటలే చెబుతారు. వస్తువుల గురించీ చేతుల గురించీ అడిగితేనే బొమ్మకు పనికివచ్చే జవాబు వస్తుంది. ఉదాహరణకు:

- పండుగ ముందురోజు పొయ్యి దగ్గర ఎవరు నిలబడేవారు? ఏ గిన్నె వాడేవారు? ఆ గిన్నె ఇప్పుడు ఎవరింట్లో ఉంది?
- పిల్లలకు ఏ పని అప్పగించేవారు?
- పూజకు ఎలా వెళ్లేవారు? దారిలో ఏం కనిపించేది?
- మీ నానన్ ఏం ఇచ్చేవారు? దేంట్లో పెట్టి ఇచ్చేవారు?
- ఇప్పుడు మానేసినదేమిటి? ఎవరు పోయాక ఆగిపోయింది?

చివరి ప్రశ్నను తొందరపడి అడగవద్దు. చాలా ఇళ్లలో దానికి వచ్చే జవాబే అసలైన బొమ్మ అవుతుంది. అయితే అది బాధ కలిగించే విషయం కూడా కావచ్చు కనుక, చెప్పేవారు ఆగితే మీరూ ఆగండి.

తరువాత ఫొటోలు. కుటుంబ ఆల్బమ్‌లోని ప్రతి ఫొటో వెనుక రాసి ఉన్నదాన్ని కూడా ఫొటో తీసుకోండి. మనుషుల వెనుక ఉన్న వరండా, కంచె, కుర్చీ అల్లిక, వాకిట్లో ఆరేసిన బట్టలను ప్రత్యేకంగా గమనించండి. న్యూ ఐబీరియాలో పుట్టిన చిత్రకారుడు జార్జ్ రోడ్రిగ్ (1944–2013) పాత ఫొటోల నుంచే మనుషులను తీసుకుని, ఓక్ చెట్ల కింద తెల్లగా మెరిసే ఆకారాలుగా నిలబెట్టాడు. 1971 నాటి ఆయన ‘అయోలీ డిన్నర్’ చిత్రాన్ని ఈ దృష్టితో చూడండి. ఆయన పద్ధతిని గమనించి నేర్చుకోవచ్చు. ఆయన బొమ్మల్లో పేరు పొందిన నీలి కుక్కను మాత్రం మీ బొమ్మలోకి తెచ్చుకోకండి.

కుటుంబ ఫొటోలు లేనివారికి లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వెబ్‌సైటులో ఫార్మ్ సెక్యూరిటీ అడ్మినిస్ట్రేషన్ ఫొటోలు దొరుకుతాయి. ఫొటోగ్రాఫర్ రస్సెల్ లీ 1938లో దక్షిణ లూసియానా పల్లెల్లో తీసినవి అందులో ఉన్నాయి. అవి ప్రభుత్వం కోసం తీసినవి కనుక వాటిని ఆధారంగా వాడుకోవడానికి కాపీరైట్ అడ్డంకి లేదు. స్వయంగా చూడాలనుకుంటే లఫాయెట్‌లోని వర్మిలియన్‌విల్‌లో పాత ఇళ్లు, యూనిస్‌లోని ప్రెయిరీ అకేడియన్ కల్చరల్ సెంటర్‌లో ముసుగులు, వాద్యాలు, బట్టలు ఉన్నాయి. హ్యూస్టన్‌లో ఉండే తెలుగువారికి లఫాయెట్ ఐ-10 రహదారి మీదుగా సుమారు మూడున్నర గంటల కారు ప్రయాణం. వారాంతంలో స్కెచ్ పుస్తకంతో వెళ్లిరావచ్చు.

## 3. సేకరించినదాంట్లో ఒక్క పనిని ఎంచుకోండి

ఇక్కడే చాలామంది తడబడతారు. విన్నవన్నీ ఒకే బొమ్మలో పెట్టాలనిపిస్తుంది. మీ నోట్స్‌లోని క్రియాపదాలను మాత్రమే ఒక వరుసలో రాయండి: కలపడం, సున్నం వేయడం, దుంగ పేర్చడం, గుడ్డు పట్టుకోవడం, తలుపు తట్టడం. వీటిలో ఒకదాన్ని ఎంచుకుని, ఎవరు చేస్తున్నారో, ఎవరు చూస్తున్నారో నిర్ణయించండి. ఒకరు చేయడం, మరొకరు చూడటం ఉంటే కుటుంబం దానంతట అదే బొమ్మలోకి వస్తుంది.

గంబోకు చిక్కదనమిచ్చే ‘రూ’ తయారుచేసే దృశ్యాన్ని తీసుకుందాం. నూనె, మైదా సమపాళ్లలో వేసి, మధ్యస్థపు మంట మీద అరగంటకు పైగా చేయి ఆపకుండా కలపాలి. వదిలి పక్కకు వెళితే మాడిపోతుంది కనుక, కలిపేవారి శరీరం పొయ్యి వైపే ఉంటుంది; మాట్లాడాలన్నా తల మాత్రమే తిప్పుతారు. ఈ ఒక్క విషయం తెలిస్తే భంగిమ దొరికినట్టే. పక్కన బల్ల మీద తరిగిన ఉల్లిపాయ, క్యాప్సికం, సెలెరీ సిద్ధంగా ఉండాలి, ఎందుకంటే రూ రంగు తిరగగానే అవి అందులో పడాలి. వీలైతే రూ మీరే ఒకసారి చేసి, లేత గోధుమ రంగు నుంచి ముదురు చాక్లెట్ రంగు వరకు అది మారే దశలను కాగితం మీద ఆరేడు గళ్లుగా వేసుకోండి. ఆ బొమ్మ మొత్తానికీ కావలసిన గోధుమ రంగులన్నీ ఆ పట్టీలోనే ఉంటాయి.

## 4. అభ్యాస పుటలు వేయండి

అసలు బొమ్మకు ముందు ఒక్కో అంశానికి ఒక్కో పుట కేటాయించండి. మొదటి రెండింటి మీద ఎక్కువ సమయం పెట్టడం మంచిది.

లైవ్ ఓక్. దీని విస్తీర్ణం ఎత్తు కంటే ఎక్కువ. కాండం పొట్టి, కొమ్మలు బరువుతో నేలవైపు వంగి మళ్లీ పైకి లేస్తాయి. చెట్టు పూర్తిగా కాగితంలో పట్టేలా గీస్తే చిన్నదైపోతుంది; పై అంచు దగ్గర కొమ్మలను కోసేసి, వెలుగు కొమ్మల కింది ఖాళీలోంచి వచ్చేలా చూడండి.

స్పానిష్ మాస్. చెట్ల కొమ్మల నుంచి వేలాడే మొక్క. దారాలను సమాన దూరంలో వేలాడదీసినట్టు గీయడం అందరూ చేసే తప్పు. అది గుత్తులుగా, కొన్నిచోట్ల ఒత్తుగా, కొన్నిచోట్ల అసలు లేకుండా ఉంటుంది. ఎండినప్పుడు బూడిద రంగులోనూ తడిసినప్పుడు పచ్చగానూ కనబడుతుంది. ముందు పొడి కుంచెతో గుత్తి ఆకారం వేసి, చివర్లలో మాత్రమే రెండు మూడు సన్నని గీతలు లాగండి.

బాల్డ్ సైప్రస్. నీటి దగ్గర మొదలు ఉబ్బి ఉంటుంది. చుట్టూ వేళ్ల నుంచి మోకాళ్లనబడే మొనలు లేస్తాయి. కాండం నిట్టనిలువు.

ఇల్లు. దిమ్మెల మీద నేల నుంచి పైకి లేపి కట్టినది. ముందు వరండా, నిటారు కప్పు, కొన్ని ఇళ్లలో వరండాలోంచే అటకకు మెట్లు. గోడలు మట్టినీ మాస్‌నూ కలిపి మెత్తిన బూసియాజ్.

నేత. సహజంగా గోధుమ రంగులో పండే అకేడియన్ పత్తితో నేసిన దుప్పట్లను తల్లులు పిల్లల పెళ్లికి ఇచ్చేవారు. గోధుమ, తెలుపు, అక్కడక్కడ నీలిమందు రంగు చారలుండే ఆ అమరిక కార్డు అంచుకు చక్కగా సరిపోతుంది. క్రిస్మస్ కార్డుల మీద వేసే హోలీ మొక్క ఆకులతో అంచు వేయడం కంటే ఇదే మేలని నా అభిప్రాయం.

## 5. రంగుల పెట్టె చిన్నదిగా ఉంచండి

ఐదారు రంగులు మించవద్దు. శీతాకాలపు బొమ్మకు ఇండిగో, బర్న్‌ట్ సియెన్నా, రా సియెన్నా, వెచ్చని పసుపు ఒకటి, నారింజ ఒకటి, తెల్ల గవాష్ (కింది రంగును కప్పేసే చిక్కటి నీటిరంగు) చాలు. ఊదా, ఆకుపచ్చ, బంగారు రంగుల కలయిక న్యూ ఆర్లీన్స్ నగరపు మార్డి గ్రాది. రెక్స్ అనే ఊరేగింపు సంఘం 1872లో దాన్ని ప్రవేశపెట్టింది. కూరీర్‌లో, అంటే ఇంటింటికీ తిరిగే పల్లె మార్డి గ్రా గుంపులో, ఆ రంగులు కనబడవచ్చు కానీ, అక్కడ అసలు అందం ఇంట్లో మిగిలిన పాత గుడ్డల నుంచి వచ్చిన, ఒకదానితో ఒకటి పొంతన లేని రంగులది.

## 6. ఒక బొమ్మ, మొదటి నుంచి చివరి దాకా: కరకట్ట మీది మంటలు

కావలసినవి: 300 జీఎస్‌ఎం నీటిరంగుల కాగితం (5 × 7 అంగుళాలు), పై రంగులు, గుండ్రటి కుంచెలు రెండు, పాత టూత్‌బ్రష్ ఒకటి, కాగితం అంచులకు టేపు.

అ. నిలబడే చోటు. రోడ్డు వైపు నుంచి చూస్తే కరకట్ట మీకు ఎదురుగా లేచి, మంటలు ఆకాశం మీద కనబడతాయి, నది కనబడదు. కట్ట ఎక్కి చూస్తే నదీ, దానిలోని వెలుగూ కనబడతాయి. రెంటినీ కలిపితే స్థలం అబద్ధమవుతుంది. మొదటిసారి వేసేవారు రోడ్డు వైపు చోటును ఎంచుకోండి. నాలుగు చిన్న నమూనాలు గీసి, కట్ట గీత కాగితంలో కింది మూడో వంతు దగ్గర ఉన్నదాన్ని తీసుకోండి.

ఆ. దుంగల నిర్మాణం. తెలుగు చేతికి సహజంగా వచ్చేది భోగిమంట కుప్ప ఆకారం. ఇక్కడిది కుప్ప కాదు, కట్టడం. మధ్యలో ఒక నిలువు స్తంభం, దాని వైపు ఏటవాలుగా వాలిన మూల దుంగలు, వాటి మీద అడ్డంగా ఒకదానిపై ఒకటి పేర్చుతూ పైకి చిన్నవయ్యే కలప. మొత్తం పిరమిడ్‌లా ఉంటుంది. లోపల చెరకు, రెల్లు వంటివి వేస్తారు. అవి కాలుతూ టపాసుల్లా పేలుతాయి. పెన్సిల్‌తో ముందు స్తంభం, తరువాత మూలలు, ఆ తరువాతే అడ్డ దుంగలు గీయండి. కట్ట పొడవునా ఇలాంటివి వరుసగా ఉంటాయి కనుక, దూరం పోయేకొద్దీ చిన్నవి చేస్తూ మరో మూడు నాలుగు సూచించండి.

ఇ. క్షణం. మంట అప్పుడే అంటుకున్న క్షణాన్ని వేయండి. అప్పుడు వెలుగు లోపలా, నల్లటి చట్రం బయటా ఉంటుంది. పూర్తిగా మండుతున్నప్పుడు వేస్తే ఎవరి చేతులూ కనబడని ఉత్త మంట మిగులుతుంది.

ఈ. వెలుగు ముందు, చీకటి తరువాత. మంట నడిబొడ్డులో తెల్ల కాగితాన్ని అలాగే వదిలేయండి. చుట్టూ కాగితాన్ని తడిపి పసుపు, దాని బయట నారింజ, ఇంకా బయట పలుచని బర్న్‌ట్ సియెన్నా వేయండి. పూర్తిగా ఆరనివ్వండి, ఇక్కడ ఓపిక పట్టకపోతే నారింజా నీలమూ కలిసి బురద రంగు అవుతుంది. ఆరాక ఇండిగోలో కొద్దిగా బర్న్‌ట్ సియెన్నా కలిపి, కాగితం అంచుల నుంచి మంట వైపు ఆకాశం వేస్తూ, వెలుగు దగ్గరకు రాగానే నీళ్ల కుంచెతో అంచును మెత్తబరచండి. ట్యూబులోని నలుపు వాడవద్దు.

ఉ. మనుషులు. కట్ట వాలు మీద ఒక కుటుంబం చాలు. వారిని దాదాపు నీడగానే వేసి, మంట వైపున్న అంచు మీద మాత్రం సన్నని నారింజ గీత పెట్టండి. మీరు రెండో దశలో విన్న వివరం ఇక్కడ రావాలి: భుజం మీద పిల్లవాడిని ఎత్తుకున్న పారైన్ కావచ్చు, మడత కుర్చీలో దుప్పటి కప్పుకున్న అవ్వ కావచ్చు.

ఊ. పొగ, నిప్పురవ్వలు. అన్ని మంటల పొగా ఒకే వైపు వాలాలి. పొగ కింది భాగం వెచ్చగా, పైభాగం చల్లగా ఉండాలి. చివరగా, మిగిలిన బొమ్మను కాగితంతో కప్పి, టూత్‌బ్రష్‌తో తెల్ల గవాష్‌లో కొద్దిగా పసుపు కలిపి చల్లండి. మూడు నాలుగు విదిలింపులు చాలు.

ఎక్కువ కార్డులు కావాలంటే ఒక్కొక్కటీ పూర్తి చేయకుండా, అన్నింటికీ ఒక్కో దశ చేస్తూ పొండి. ఆరే సమయం వృథా కాదు, రంగులూ ఒకే తీరుగా వస్తాయి.

## 7. మార్డి గ్రా మనిషిని వేసేటప్పుడు

ఈ పండుగలోని ముసుగు తీగ జాలీతో చేసినది; కిటికీలకు దోమలు రాకుండా కొట్టే జాలీ లాంటిదాన్ని ముఖం ఆకారానికి వంచి, కళ్లు, మీసాలు రంగుతో వేస్తారు. లోపలి మనిషికి బయట కనిపిస్తుంది, బయటివారికి లోపలి మనిషి తెలియడు. బొమ్మలో ముందు అసలు ముఖాన్ని లేత నీడగా వేసి, ఆరాక జాలీ గళ్లను సన్నగా గీసి, దాని మీద రంగు ముఖం వేస్తే ఈ గుణం వస్తుంది. గుంపును నడిపించే కాపితేన్‌కు ముసుగు ఉండదు. అతని చేతిలో తెల్లజెండా ఉంటుంది. ఇంటివారు అనుమతి ఇచ్చాకే అతడు గుంపును లోపలికి పిలుస్తాడు. కోడిని గాలిలోకి వదిలితే బురదలో పరుగెత్తి పట్టుకోవడం తరువాతి ఘట్టం.

రెండు జాగ్రత్తలు తప్పనిసరి. కాపుషాన్ అనే శంకువు టోపీని ఎన్నడూ తెల్లగా, ఖాళీగా వదలవద్దు. అమెరికాలో అది కు క్లక్స్ క్లాన్ ముసుగును గుర్తుకు తెచ్చి చూసేవారిని భయపెడుతుంది. అసలు టోపీ అంచుల నిండా రంగురంగుల గుడ్డపీలికలే కుట్టి ఉంటాయి కనుక, వాటిని దట్టంగా వేయండి. అలాగే కొన్ని ఊళ్ల కూరీర్‌లో ముఖానికి నల్లరంగు పూసుకున్నవారు ఉండేవారు. అది నల్లజాతివారిని అవమానించే వేషం; ఆధారంగా తీసుకున్న ఫొటోలో కనబడినా మీ బొమ్మలోకి రానివ్వవద్దు.

## 8. తరచుగా జరిగే తప్పులు, సవరణలు

కేజన్, క్రియోల్ ఒకటే అనుకోవడం. కేజన్లలో ఎక్కువమంది కెనడా తీరంలోని అకేడియా నుంచి 1755 మొదలుకొని వెళ్లగొట్టబడినవారి సంతతి. క్రియోల్ సముదాయాల (వలస పాలన కాలంలో లూసియానాలోనే పుట్టినవారి సంతతి) చరిత్ర వేరు. జైడికో సంగీతం నల్లజాతి క్రియోల్‌లది. వీటి మధ్య ఇచ్చిపుచ్చుకోవడాలు చాలా ఉన్నా, ఎవరి ఇల్లు వేస్తున్నారో మీకు స్పష్టంగా తెలియాలి. సవరణ: మొదటి దశలో రాసుకున్న వాక్యానికి కుటుంబాన్ని కూడా చేర్చండి.

మొసళ్లు లాగే పడవలో పాపా నోయెల్. ఈ ఊహ విస్తృతంగా ప్రచారమైనది 1973లో వచ్చిన ఒక పిల్లల పుస్తకం ద్వారా. మీ ఇంటివారు ఆ కథ చదువుకుని పెరిగి ఉంటే, ఆ చదువుతున్న దృశ్యాన్ని వేయండి. పుస్తకంలోని బొమ్మను మళ్లీ గీయకండి.

వాద్యం తప్పుగా వేయడం. కేజన్ అకార్డియన్ చిన్నది, ఒకే వరుసలో పది బటన్లుంటాయి, పియానో మెట్లుండవు. పక్కన ఫిడేలు ఉంటుంది. పూర్వం గడ్డి పోగుచేసే యంత్రపు ఇనుప పళ్లను వంచి చేసిన త్రిభుజం, అంటే తీ ఫేర్, తాళం వేస్తుంది.

బొమ్మ కిక్కిరిసిపోవడం. ఒక్కో వస్తువును వేలితో మూసి చూడండి. ఆ వస్తువు లేకపోయినా పని అర్థమవుతుంటే తీసేయండి.

అందరూ కెమెరాను చూస్తున్నట్టు ఉండటం. ఫొటో నుంచి నేరుగా దించినప్పుడు ఇది వస్తుంది. ఒక్కరినైనా చేస్తున్న పని వైపు తిప్పండి.

## 9. చివరి తనిఖీ

- ☐ నెలకు తగిన చెట్లు, ఆహారం, వాతావరణం ఉన్నాయా?
- ☐ ఊరు కరకట్టదా, పచ్చికబయలుదా, చిత్తడిదా? భూమి ఆకారం దానికి సరిపోయిందా?
- ☐ ఒక్క పని, చేసేవారు, చూసేవారు స్పష్టంగా ఉన్నారా?
- ☐ పెద్దవారు చెప్పిన ఒక్క వివరమైనా మారకుండా వచ్చిందా?
- ☐ ఫొటోలోని మనుషులను గుర్తుపట్టేలా వేసినట్టయితే, వారి అనుమతి లేదా కుటుంబపు అనుమతి ఉందా?
- ☐ ముద్రించి అమ్మాలనుకుంటే, ఆధారంగా తీసుకున్న ఫొటో స్వేచ్ఛగా వాడదగినదేనా?
- ☐ వెనుకవైపు పండుగ, ఊరు, సంవత్సరం, విషయం చెప్పినవారి పేరు (వారు ఒప్పుకుంటేనే) పెన్సిల్‌తో రాశారా?

రంగులు పూర్తిగా ఆరాక, ఫ్రేము కట్టించకముందే, మీకు ఆ సంగతి చెప్పిన పెద్దవారికి బొమ్మను చూపించండి. గిన్నె పిడి ఇటు కాదు అటు ఉండేదనో, దుంగలు ఇంకా దగ్గరగా పేర్చేవారమనో వారు చెబితే, గవాష్‌తో సరిదిద్దుకోవడానికి అప్పటికింకా వీలుంటుంది.